ముందు కథ, తరువాత సినిమా

కథల్లోంచి, నవలల్లోంచి, నాటకాల్లోంచి పుట్టిన సినిమాలకే ఈ సంచికను కేటాయించాం. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికి నా మొదటి ఓటు ‘మిథునం’కి. బాపు ముచ్చటపడి తన దస్తూరీతో తిరగరాసుకున్న శ్రీరమణ కథ అది. 2012లో తనికెళ్ల భరణి దాన్ని తెరమీద రెండే పాత్రలతో నడిపించారు. తిండి దగ్గర అప్పదాసు పేచీలు, బుచ్చిలక్ష్మి విసుగులోంచి తొంగిచూసే మురిపెం... బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి నటిస్తున్నారని అనిపించదు. అంతకు ముందే, 2000లో, ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఈ కథనే మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా తీశారు. వీలైతే అదీ చూడండి.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1955లో సినిమా అయింది. నాటకమంత పదును తెరకు ఎక్కలేదనే వాళ్లున్నారు, నిజమే. అయినా మధురవాణిగా సావిత్రి కోసం ఎన్నిసార్లయినా చూడొచ్చు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. యద్దనపూడి ‘సెక్రటరీ’ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారంగా మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ మాత్రం కాలక్షేపానికి కాదు, గుండె దిటవు చేసుకుని చూడాలి.

వీటిలో ఏది చూసినా మూలకథ కూడా చదవండి. ఏది ఎక్కువ నచ్చిందో మాకు ఉత్తరం రాయండి.