నీటితో చల్లబడే కంప్యూటరు: కొనుగోలుకు ముందు వేయవలసిన లెక్క

ఉన్నతశ్రేణి గేమింగ్ కంప్యూటరును విడిభాగాలు తెచ్చి సొంతంగా కూర్చుకుని, దానిని ప్రవహించే నీటితో చల్లబరచాలని తొలిసారి పూనుకునేవారిలో అత్యధికులు తమ ఆలోచనను గొట్టాల వంపుల నుంచి, ద్రవం రంగు నుంచి, లోపల వెలిగే దీపాల నుంచి మొదలుపెట్టి, రేడియేటరు కేబినెట్‌లో పడుతుందా, ఎంచుకున్న గ్రాఫిక్స్ కార్డుకు సరిపోయే బ్లాకు అసలు దొరుకుతుందా అన్న ప్రశ్నలకు చివరన చేరుకుంటారు. ఈ వరుస తలకిందులైనది. అందం కోరుకోవడంలో తప్పు లేదు, ఈ కళకు ప్రాణం పోసింది ఆ కోరికే. కానీ యంత్రం ఎన్ని వాట్ల వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి ఏ గదిలోకి చేరుతుంది అన్న రెండు విషయాలు ముందుగా తేలితే మిగిలిన నిర్ణయాలు చాలావరకు వాటి వెంటే కుదురుకుంటాయి, అవి తేలకుండా కొన్న ఖరీదైన సామగ్రి ఒకదానితో ఒకటి పొసగక మూలన పడుతుంది.

కస్టమ్ లూపు అని వ్యవహరించే ఈ ఏర్పాటులో ప్రాసెసరు మీద, గ్రాఫిక్స్ చిప్పు మీద వాటర్ బ్లాకులు కూర్చుంటాయి. బ్లాకు అంటే అడుగున వెంట్రుక సన్నని గాళ్లు కోసిన రాగి పలక. చిప్పు వేడి ఆ రాగిలోకి, రాగి నుంచి గాళ్ల మధ్య పారే నీటిలోకి చేరుతుంది. పంపు ఆ నీటిని రేడియేటరుకు తోస్తుంది, రేడియేటరు రెక్కల మీదుగా ఫ్యాన్లు వీచే గాలి ఆ వేడిని గదిలోకి తీసుకుపోతుంది, రిజర్వాయరు అనే చిన్న తొట్టి నీటిని నింపుకోవడానికీ బుడగలను విడదీయడానికీ ఉపకరిస్తుంది. కర్మాగారంలోనే నింపి మూసివేసి అమ్మే ఏఐఓ కూలర్లకూ దీనికీ సూత్రంలో భేదం లేదు, విస్తరణలోనూ బాధ్యతలోనూ ఉంది. ఈ సూత్రం కొత్తదీ కాదు: 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటరులో చిప్పుల వేడిని లోహపు ముషలకాల ద్వారా నీరు పారే పలకకు చేరవేశారు, 2004లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జీ5 శ్రేణిలోని వేగవంతమైన నమూనాకు ద్రవ శీతలీకరణను అమర్చింది.

ఇక వాట్ల సంగతి. 2022లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డుకు కంపెనీ నిర్దేశించిన విద్యుత్ పరిమితి 450 వాట్లు, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090కి 575 వాట్లు. ఇంటెల్ కోర్ ఐ9-14900కే ప్రాసెసరు గరిష్ఠ పరిమితి 253 వాట్లు కాగా, ఆటలకు పేరుపడ్డ ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ పరిమితి 162 వాట్లు. ఆటలు ఆడేటప్పుడు ఈ రెండోది చాలాసార్లు 100 వాట్ల లోపే తీసుకుంటుంది. ఇలా 5090 కార్డునూ ఈ తరహా ప్రాసెసరునూ కలిపితే లూపు మోయవలసిన వేడి సుమారు 700 వాట్లని లెక్క వేసుకోవచ్చు. సమాన ఘనపరిమాణంలో నీరు గాలి కంటే సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని ఇముడ్చుకుంటుంది కాబట్టి, నిమిషానికి 4 లీటర్ల నీరు పారే లూపులో 700 వాట్ల వేడి మొత్తం కలిసినా నీటి ఉష్ణోగ్రత ఒక చుట్టులో రెండున్నర డిగ్రీలు మాత్రమే పెరుగుతుంది. నీరు ముందు ప్రాసెసరుకు వెళ్లాలా, కార్డుకు వెళ్లాలా, మధ్యలో రేడియేటరు పెట్టాలా అన్న చర్చ మీద కొత్తవారు వెచ్చించే కాలమంతా ఈ ఒక్క లెక్కతో మిగిలిపోతుంది: వరుస వల్ల వచ్చే తేడా అత్యల్పం, గొట్టం ఎటు తేలికగా పోతే అటే పోనివ్వవచ్చు. పాటించి తీరవలసిన వరుస ఒక్కటే, పంపులోకి నీరు రిజర్వాయరు నుంచి నేరుగా, పైనుంచి కిందికి దిగాలి. డీ5 వంటి పంపుల బేరింగుకు కందెన ఆ నీరే కనుక అవి పొడిగా తిరిగితే పాడవుతాయి.

గది విషయాన్ని తెలుగు పాఠకులు మరింత శ్రద్ధగా పరిశీలించాలి. చల్లని దేశాలవారి ఫలితాలను చూసి ఆశ పెంచుకునేవారు ఒక సంగతి మరచిపోతారు: ఫ్యాన్లతో పనిచేసే ఏ లూపూ నీటిని గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. నీరు గది కంటే 10 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉండేలా రేడియేటర్లు ఎంచుకున్నారనుకుంటే, 26 డిగ్రీల ఏసీ గదిలో అది 36 వద్ద నిలుస్తుంది. అదే యంత్రం రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవి మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో నడిస్తే 48కి చేరుతుంది. చాలా పంపుల తయారీదారులు చెప్పే గరిష్ఠ నీటి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు, కాబట్టి యంత్రానికి వెంటనే ముప్పు లేకపోయినా, పెట్టుకున్న వెసులుబాటు చాలావరకు హరించుకుపోతుంది. పైగా ఆ 700 వాట్లూ గదిలోనే ఉండిపోతాయి. ఒక టన్ను ఏసీ తొలగించగల వేడి సుమారు 3,500 వాట్లు గనుక, దాని సామర్థ్యంలో ఐదో వంతును ఈ ఒక్క కంప్యూటరే తినేస్తుంది. వాటర్ కూలింగ్ పెడితే గది చల్లగా ఉంటుందన్న నమ్మకం ఇంత విస్తృతంగా ఉండడం విచారకరం. నీరు వేడిని ఒకచోటి నుంచి మరొకచోటికి మోస్తుంది, అంతకుమించి దానికి శక్తి లేదు.

రేడియేటరు పరిమాణం ఈ అంకెల నుంచే వస్తుంది. ఫ్యాన్లు నిదానంగా, చెవికి ఇబ్బంది కలగనంత నెమ్మదిగా తిరుగుతూ పైన చెప్పిన 10 డిగ్రీల తేడా నిలవాలంటే, 120 మిల్లీమీటర్ల ఫ్యాను పట్టే ఒక్కో భాగానికి సుమారు 100 వాట్లు అన్నది అనుభవజ్ఞులు పాటించే ఉజ్జాయింపు. దాని ప్రకారం 700 వాట్లకు మూడేసి ఫ్యాన్ల 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు రెండు పెడితే కొంచెం తక్కువ, మూడు పెడితే నిశ్చింత. అప్పుడు కేబినెట్ ఎంపిక కూడా ఇరుకవుతుంది. 2018లో విడుదలైన లియాన్ లీ ఓ11 డైనమిక్ లాంటి కేబినెట్లు మూడు 360 రేడియేటర్లకు చోటిచ్చినందువల్లనే ఈ పనికి అంతగా ఆదరణ పొందాయి. అయితే రేడియేటరు మందం సుమారు 30 నుంచి 60 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, దానికి ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు కలుస్తుంది. పైభాగాన ర్యామ్ ఎత్తూ, అడుగున గ్రాఫిక్స్ కార్డు వెడల్పూ స్కేలుతో కొలిచి చూసుకోకుండా కేవలం 360 అన్న అంకెను నమ్మడం ప్రమాదకరం.

ఇంత శ్రమకు ప్రతిఫలం ఎక్కడ దక్కుతుందన్నదీ ముందే తెలిసి ఉండాలి. 5090లోని చిప్పు వైశాల్యం 750 చదరపు మిల్లీమీటర్లు, పైన లోహపు మూత లేకుండా నేరుగా బ్లాకును తాకుతుంది, అందుకే దాని వేడిని నీరు సమర్థంగా లాగుతుంది. రైజెన్ ప్రాసెసరులో గణన జరిగే చిప్పు ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే, దాని మీద మందపాటి మూత. వేడి ఆ చిన్న చోటు నుంచి బయటపడడమే కష్టం కనుక ఎంత పెద్ద రేడియేటరు పెట్టినా ప్రాసెసరు ఉష్ణోగ్రత ఆశించినంత దిగదు. ఆటల్లో సెకనుకు కనిపించే ఫ్రేముల సంఖ్య కూడా కొద్దిగానే పెరుగుతుంది. దక్కేది నిశ్శబ్దం, కార్డు ఎంతసేపు నడిచినా చలించని వేగం, చేతిపనిలోని తృప్తి. ఈ మూడింటికీ విలువ ఇవ్వనివారు మంచి ఎయిర్ కూలర్‌తో ఆగిపోవడమే సబబు.

విలువ ఇచ్చేవారు డబ్బు చెల్లించే వరుసలో మొదట నిర్ధారించుకోవలసింది గ్రాఫిక్స్ కార్డు, దాని బ్లాకు అనే జంటను. పేరులో 5090 అని ఉన్న కార్డులన్నింటికీ సర్క్యూట్ బోర్డు ఒకటి కాదు. తయారీ సంస్థను బట్టి, అదే సంస్థలోనూ నమూనాను బట్టి, కెపాసిటర్ల స్థానాలూ స్క్రూ రంధ్రాలూ మారతాయి, కాబట్టి బ్లాకు తయారీదారు ఇచ్చే పొంతన జాబితాలో కార్డు పూర్తి నమూనా పేరు కనిపించాకే కార్డు కొనాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి పెద్ద కంప్యూటరు బజారులో కూడా కోరిన నమూనాకు బ్లాకు చేతికందేలా ఉంటుందని ముందే లెక్కలోకి తీసుకోలేం, బయటి నుంచి తెప్పించుకోవలసి వస్తే పట్టే గడువునూ సుంకాన్నీ ప్రణాళికలో రాసుకోవాలి.

లోహాల విషయంలో రాజీ కూడదు. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉన్న లూపులోకి చవకగా దొరికిందని అల్యూమినియం రేడియేటరును చేర్చితే, నీటి ద్వారా కలిసిన ఆ రెండు లోహాలూ బలహీనమైన బ్యాటరీలా మారి, అల్యూమినియం కరుగుతూ పోతుంది, ఆ మడ్డి బ్లాకు గాళ్లలో పేరుకుంటుంది. నీటి ఎంపిక కూడా ఇంతే ముఖ్యం. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గిన్నెల మీద వదిలే తెల్లని పొర లూపులోనూ వదులుతాయి. ఇంటి ఆర్ఓ నీరు కూడా లవణాలు పూర్తిగా పోయినది కాదు. తుప్పును, నాచును అడ్డుకునే రసాయనాలు కలిపిన, పారదర్శకమైన రెడీమేడ్ కూలెంటే తొలి లూపుకు తగినది. పాలలా చిక్కగా మెరిసే రంగు కూలెంట్లు ఛాయాచిత్రాల్లో ఎంత సొంపుగా ఉన్నా, వాటిలోని రేణువులు కాలక్రమంలో అడుగున దిగి గాళ్లను మూస్తాయి.

గొట్టాల్లో రెండు రకాలు. పీఈటీజీ లేదా యాక్రిలిక్‌తో చేసిన గట్టి గొట్టాలను వేడి గాలితో వంచి, అంచులు నున్నగా అరగదీసి, మిల్లీమీటరు తేడా లేకుండా అమర్చాలి, అరగదీయని అంచు ఫిట్టింగులోని రబ్బరు వలయాన్ని కోసివేస్తుంది. మెత్తని గొట్టం, ముఖ్యంగా ఈపీడీఎం అనే నల్లని కృత్రిమ రబ్బరుతో చేసినది, చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది, మృదువైన పీవీసీ గొట్టాల్లా ప్లాస్టిసైజరును నీటిలోకి వదలదు. మొదటిసారి కట్టేవారికి మెత్తని గొట్టమే సరైనదని గట్టిగా చెప్పక తప్పదు. దాదాపు అన్ని బ్లాకుల మీదా, రేడియేటర్ల మీదా జి 1/4 అనే ఒకే మర ఉంటుంది గనుక, ఫిట్టింగు కొనేటప్పుడు చూడవలసింది గొట్టం లోపలి, బయటి వ్యాసాలు రెండింటినీ. 10/16 గొట్టానికి 10/13 ఫిట్టింగు బిగియదు. అత్యంత దిగువన ఒక డ్రెయిన్ వాల్వు ఉండాలి. తొలి ప్రణాళికల్లో అతి తరచుగా విస్మరణకు గురయ్యేది ఇదే, ఏడాది తరువాత కూలెంటు మార్చేనాడు దాని లోటు తెలిసివస్తుంది.

నింపే ముందు లూపులోకి చిన్న చేతిపంపుతో సుమారు అర బార్ పీడనం వరకు గాలి ఎక్కించి, పీడనమాపకం ముల్లు కదలకుండా నిలుస్తుందా అని చూడడం ఉత్తమ పద్ధతి. ఆ తరువాత నీటితో పరీక్షించేటప్పుడు మదర్‌బోర్డుకూ కార్డుకూ కరెంటు వెళ్లకుండా వాటి తీగలన్నీ తీసివేసి, ఎస్ఎంపీఎస్ పెద్ద కనెక్టరులోని ఆన్ పిన్నును గ్రౌండుతో కలిపే జంపరు పెట్టి పంపును మాత్రమే నడపాలి, కీళ్ల కింద టిష్యూ కాగితాలు పరచి కొన్ని గంటలపాటు, వీలైతే ఒక రోజంతా గమనించాలి. ఎస్ఎంపీఎస్ విషయంలో 5090కి ఎన్విడియా సూచించేది 1,000 వాట్లు. ఇళ్లలో సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల చుట్టుపక్కలే ఇవ్వగలదు కనుక అది ఈ యంత్రాన్ని ఆటల మధ్య మోయలేదు, తగినంత పెద్ద యూపీఎస్ ఖర్చునూ మొత్తం అంచనాలో చేర్చుకోవాలి.

కార్డు అసలు కూలరును విప్పితే వారంటీ నిలుస్తుందా అన్నది సంస్థను బట్టి మారుతుంది, కాబట్టి కొనకముందే అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం వివేకం. విప్పిన కూలరును, దాని స్క్రూలను, థర్మల్ ప్యాడ్ల మందాల వివరాన్ని ఒకే పెట్టెలో పేర్లు రాసి భద్రపరచాలి. పంపు, రేడియేటర్లు, ఫిట్టింగులు తరువాతి యంత్రంలోకీ వస్తాయి గానీ, కార్డు బ్లాకు ఆ ఒక్క కార్డుకే పుట్టినది, కార్డు మరమ్మతుకు వెళ్లినా, మరొకరికి అమ్ముడుపోయినా దానికి మళ్లీ ఆ పాత కూలరే కావాలి.