వెనక్కి తిప్పి చూశారా?

ఆదివారం గుణింతాల క్లాసుకీ పద్యాల క్లాసుకీ మధ్య మా బడిలో పదిహేను నిమిషాల విరామం. ఆ కాసేపు పిల్లలకు కాపలా కాసే తల్లిదండ్రులం మేము. బ్యాగుల్లోంచి చిరుతిళ్ళ కంటే ముందు పోకెమాన్ కార్డుల ఫైళ్ళు బయటికొస్తాయి!

ఈ ఏడాది ఒక గొడవ జరిగింది. అయిదో తరగతి అబ్బాయి ఒక హోలో కార్డు ఇచ్చి, రెండో తరగతి పాప దగ్గర నాలుగు కార్డులు పుచ్చుకున్నాడు. పాప ఇంటికెళ్ళి స్లీవ్‌లోంచి తీసి చూస్తే వెనకవైపు మూల మడతపడి ఉంది. ఏడుపులు, పెద్దవాళ్ళ మధ్య ఫోన్లు. కార్డులు బడికి తేకుండా నిషేధించాలని కొందరన్నారు. మేము ఒప్పుకోలేదు. కార్డు ఎలా చూడాలో నేర్పడమే మేలని మా అభిప్రాయం.

అయితే ముందు మేమే నేర్చుకోవలసి వచ్చింది. చిన్నప్పుడు బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులకు రబ్బరు బ్యాండు వేసి భద్రంగా దాచుకున్న తరం మాది. మాలో ఒకాయన అదే ప్రేమతో కొడుకు కార్డులకూ రబ్బరు బ్యాండు వేస్తే, ఆ పిల్లాడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడట. బ్యాండు బిగిసిన చోట అంచులు నొక్కుకుపోయాయి మరి!

పోకెమాన్ కార్డు వెనక భాగం నీలం. అంచు ఏమాత్రం అరిగినా అక్కడ తెల్లగా బయటపడుతుంది. ముందువైపు లేతరంగు అంచు మీద అదే అరుగుదల అంతగా కనబడదు. అందుకే మొదట వెనక్కి తిప్పాలి. హోలో కార్డును ఎదురుగా పట్టుకుంటే అద్దంలా ఉంటుంది. దీపం కింద కొంచెం వాల్చితే గీతలన్నీ లేచి కూర్చుంటాయి. స్లీవ్‌లో ఉండగా తీర్పు చెప్పకూడదు, ఏ గీత కార్డుదో ఏది ప్లాస్టిక్‌దో తెలియదు. ఇక బొమ్మ ఒక పక్కకి జరిగి ఉంటే అది ఫ్యాక్టరీలో కోత తేడా. అందువల్ల ఇప్పుడే ప్యాకెట్ చింపి తీసిన కొత్త కార్డు కూడా లోపం లేనిదని చెప్పలేం.

పి.ఎస్.ఏ. అనే సంస్థ 1991 నుంచి కార్డులకు 1 నుంచి 10 వరకు మార్కులు వేస్తోంది. పదికి పది రావాలంటే ముందువైపు ఎదురెదురు అంచుల వెడల్పు సుమారు 55-45 పాళ్ళకు మించి తేడా ఉండకూడదు. (పదికి తొమ్మిదొస్తే మిగతా ఒకటేమైందని అడిగే ఇళ్ళు మనవి. ఇక కార్డులక్కూడానా!) రెండు డాలర్ల కార్డును అంతకు ఎన్నో రెట్లు ఫీజు కట్టి పంపడం మాత్రం దండగ.

పైగా నిపుణుల కన్నూ మోసపోతుంది. వందేళ్ళు దాటిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు ఒకదానికి అదే సంస్థ 8 ఇచ్చింది. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని పక్క అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అంచులు అంత పదునుగా ఎందుకున్నాయో అప్పటికి తేలింది.

మా అబ్బాయి సంగతికొస్తే, మడత ఉందని వాడికి ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదంటే "తను అడగలేదుగా?" అన్నాడు. మడత కంటే ఆ జవాబే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. పాత కారు అమ్మేటప్పుడు మనలో ఎంతమంది ఇదే మాట అనుకోలేదు! చూడడం చేతకాని రెండో తరగతి పిల్ల ఏమని అడుగుతుంది? తెలిసినవాడే చెప్పాలి.

అందుకే ఇప్పుడు బడిలో ఒకటే నియమం. మార్చుకునే ముందు కార్డును స్లీవ్‌లోంచి తీసి, వెనక్కి తిప్పి, లోపాలేమిటో కార్డు ఉన్నవాళ్ళే చెప్పాలి, అదీ తెలుగులో. మడత, నొక్కు, గీత, మరక, అరుగుదల... అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా ఈ మాటలు గడగడా అంటున్నారు. ఆ అబ్బాయి రెండు కార్డులు తిరిగిచ్చాడు. మడత కార్డు మాత్రం పాప వెనక్కివ్వనంది.

వరండా వెలుతురు గీతలు చూడడానికి చాలడం లేదు. ఎవరింట్లోనైనా వాడని టేబుల్ లాంప్ ఉంటే వచ్చే ఆదివారం తెచ్చిపెట్టండి.