ఏడుగురికి చోటు, జేబుకు హద్దు

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులు. సెలవులకు మేనత్తో, పెళ్లికాని మరిదో తోడయితే లెక్క ఏడుకు చేరుతుంది. ఐదు సీట్ల కారులో ఇంతమంది సర్దుకోవడం మన రోడ్లపై కొత్త దృశ్యమేమీ కాదు. ఒళ్లో పిల్లాడు, కాళ్ల దగ్గర సంచి, డిక్కీలో బియ్యం మూట. పోలీసు చెయ్యెత్తినప్పుడు మాత్రమే అది తప్పని గుర్తుకొస్తుంది. కొత్త ఏడు సీట్ల కారు కొనాలంటే చేతిలో ఉన్న నాలుగైదు లక్షలు ఏ మూలకూ చాలవు. అందుకే మధ్యతరగతి చూపు సెకండ్ హ్యాండ్ మార్కెట్ మీద పడుతోంది. ఆ మార్కెట్‌లో సరుకుకు లోటు లేదు. కొరత ఉన్నది సరుకు గురించిన నిజానికే.

ఈ తరహా బళ్లకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో అడుగుపెట్టిన టయోటా క్వాలిస్ ఒక తరాన్ని తిరుపతికీ షిర్డీకీ తిప్పాయి. క్వాలిస్ స్థానంలో 2005లో ఇన్నోవా వచ్చింది. 2004లో షెవర్లే టవేరా, 2009లో మహీంద్రా జైలో, 2012లో మారుతి ఎర్టిగా వచ్చాయి. ఎర్టిగా రాకతో లెక్క మారింది. అంతవరకు ఎక్కువమంది పట్టే బండి అంటే లారీ తరహా ఛాసిస్ మీద కట్టిన భారీ వాహనమే. ఎర్టిగాను మామూలు కారులాగే నిర్మించారు, నడపడమూ అలాగే ఉంటుంది. ఢిల్లీ షోరూమ్‌లో 5.89 లక్షల రూపాయల నుంచి మొదలైన ఆ ధర అప్పట్లో పోటీదారులకు నిద్ర లేకుండా చేసింది.

ఇప్పుడు మార్కెట్‌లో కనిపిస్తున్న పాత బళ్లలో డీజిల్‌వి ఇంత ఎక్కువగా ఎందుకున్నాయో తెలియాలంటే ఆ రోజులు గుర్తు తెచ్చుకోవాలి. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010లో తొలగింది, డీజిల్‌పై 2014 అక్టోబరు దాకా కొనసాగింది. 2012లో ఢిల్లీలో రెండింటి మధ్య తేడా లీటరుకు సుమారు 30 రూపాయలు. నెలకు ఐదొందల కిలోమీటర్లు కూడా తిరగనివారు సైతం డీజిల్ బండే కొన్నారు. ఆ తేడా తరిగిపోయింది, బళ్లు మాత్రం మిగిలాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు రావడంతో మారుతి డీజిల్ కార్లనే మానేసింది. రోజూ దూరం వెళ్లే పని లేని కుటుంబానికి పాత డీజిల్ బండిలో ఆదా కన్నా మరమ్మతు ఖర్చు ఎక్కువ కావచ్చు. ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ - వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఏడాది పాటు ఇంధనంలో మిగిల్చిన డబ్బు ఒక్క బిల్లుతో కరిగిపోతుంది.

డీజిల్‌కు సంబంధించి మరో మెలిక ఢిల్లీ. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. 2025 ఆగస్టులో వాటిపై కఠిన చర్యలు వద్దని తాత్కాలికంగా చెప్పి, డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4, ఆపై ప్రమాణాల బళ్లకే పరిమితం చేసింది. కోర్టు ఏం చెప్పినా వ్యాపారం మాత్రం ఆగలేదు. అక్కడ గడువు దగ్గరపడిన పెద్ద కార్లు చవగ్గా చేతులు మారి దక్షిణాదికి వస్తూనే ఉన్నాయి. హైదరాబాద్ లేదా విజయవాడలోని ఆటో కన్సల్టెన్సీలో తళతళలాడే ‘ఢిల్లీ బండి’ ధర స్థానిక బండి కన్నా తక్కువ ఉండటంలో రహస్యమేమీ లేదు. అయితే దాని వెంట అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇవన్నీ కలిపాక ‘చవక’ ఎంత మిగిలిందో కాగితం మీద లెక్క వేసుకున్న తర్వాతే అడ్వాన్స్ మాట ఎత్తడం మంచిది.

ఇంతకీ ఏ బండి? ఇన్నోవా మీద జనానికున్న నమ్మకం అంతా ఇంతా కాదు. దాని ఇంజన్ మన్నిక నిజమే. కానీ ఆ నమ్మకానికి కూడా ధర కట్టాలి. ఐదు లక్షల లోపు దొరికే ఇన్నోవా చాలావరకు పన్నెండేళ్లు దాటినదే అయి ఉంటుంది. అందులో కొంతకాలం టాక్సీగా తిరిగి, పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు తగిలించుకున్నవీ ఉంటాయి. పేరు చూసి అరిగిన బండి కొనడం కన్నా పేరు తక్కువైనా వయసు తక్కువ ఉన్న బండి కొనడమే చాలా కుటుంబాలకు నయం.

ఆ కోవలో మొదట చూడాల్సింది ఎర్టిగా. 2018 నవంబరులో వచ్చిన రెండో తరం అయితే మరీ మంచిది. మొదటి తరం బండిలో ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో మిగిలే చోటు 135 లీటర్లు, రెండో తరంలో అది 209 లీటర్లు. తేడా చిన్నదిగానే కనిపించవచ్చు కానీ రెండు సూట్‌కేసులు పైకప్పు ఎక్కాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. సీఎన్‌జీ ఎర్టిగా అయితే సిలిండరు ఆ కాస్త చోటునూ ఆక్రమిస్తుంది. పైగా బయట బిగించిన గ్యాస్ కిట్ ఆర్సీలో నమోదు కాకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి సాకు దొరికినట్టే. సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష జరిగిందో లేదో కూడా చూడాలి.

బడ్జెట్ ఇంకా తక్కువైతే రెనో ట్రైబర్ ఉంది. 2019 ఆగస్టులో వచ్చిన ఈ బండి పొడవు నాలుగు మీటర్ల లోపే. మన పన్నుల విధానం 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజన్ కార్లకు రాయితీ ఇస్తోంది కాబట్టి కంపెనీలు ఆ గీత లోపలే ఏడు సీట్లు ఇరికించే విద్య నేర్చుకున్నాయి. ట్రైబర్‌లో మూడో వరుసకు కూడా ఏసీ గాలి అందుతుంది, ఆ సీట్లను పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు. తీసేస్తే డిక్కీ 625 లీటర్లు. ఉంచితే 84 లీటర్లు, అంటే ఒక చేతిసంచి. ఒక లీటరు ఇంజన్ ఏడుగురితో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఊళ్లోనే తిరుగుతూ ఎప్పుడో ఒకసారి అందరూ కలిసి వెళ్లేవారికి ఇది సరిపోతుంది. ప్రతి శని, ఆదివారాలు ఊరు వెళ్లేవారికి సరిపోదు.

మార్కెట్ నుంచి వెళ్లిపోయిన బళ్ల సంగతి వేరు. షెవర్లే ఎంజాయ్, రెనో లాడ్జీ, హోండా మొబిలియో, మహీంద్రా జైలో చూడబోతే విశాలమైనవే, ధరలూ తక్కువే. ఇక్కడ అందరూ భయపడేది ఇంజన్ విడిభాగాల గురించి. నిజానికి ఆ భయం కొంత అనవసరం. ఎంజాయ్ డీజిల్ ఇంజన్ స్విఫ్ట్, ఎర్టిగాల్లో ఉన్న ఫియట్ 1.3 లీటర్ల ఇంజన్ కుటుంబానిదే. లాడ్జీది డస్టర్‌లో ఉన్న 1.5 లీటర్ల ఇంజనే. వాటిని విప్పి బిగించగల మెకానిక్ ప్రతి పట్టణంలో ఉంటాడు. ఇబ్బంది వచ్చేది హెడ్‌లైట్, డోరు, బంపర్, అద్దం, ఎలక్ట్రానిక్ పరికరాల దగ్గర. జనరల్ మోటార్స్ 2017తో దేశంలో అమ్మకాలు ఆపేసింది. చిన్న గుద్దుడుకు పగిలిన దీపం కోసం నెల రోజులు షెడ్డులో బండి నిలబడితే చవగ్గా కొన్న సంతోషం నిలవదు. ఇంట్లో ఇంకో వాహనం ఉన్నవారికే ఈ జాబితా. లాడ్జీ మూడో వరుస మాత్రం వీటిలో మెచ్చుకోదగ్గది.

మూడో వరుస గురించి కాస్త వివరంగానే చెప్పుకోవాలి. ఎందుకంటే అమ్మేవాడు చూపించనిదీ, కొనేవాడు అడగనిదీ అదే. టెస్ట్ డ్రైవ్ అంటే ఇద్దరు మగవాళ్లు ముందు సీట్లలో కూర్చుని ఓ ఫ్లైఓవర్ ఎక్కి దిగి రావడంగా మారింది. రేపు ఆ కారులో వెనక కూర్చునేది వాళ్లు కాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ జైలో లేదా ఇన్నోవా మెట్టు ఎక్కగలదా? మధ్య సీటు మడిచి ఆ సందులోంచి వెనక్కి దూరగలదా? దూరాక మోకాళ్లు గడ్డానికి తగలకుండా కూర్చోగలదా? ఈ పరీక్ష ఇంటి ముందే చేయించాలి. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి, కనీసం అరగంట నడపాలి. నిండు బరువుతో వెనక స్ప్రింగులు ఎంత కుంగుతున్నాయో, గతుకుల్లో కింద తగులుతోందో లేదో, ఎత్తులో క్లచ్ జారుతోందో లేదో ఒక్కసారే బయటపడుతుంది. బొలేరోలో మాదిరి ఎదురెదురుగా పక్కకు తిరిగి కూర్చునే సీట్లు పల్లెటూరి పనికి బాగుంటాయి. పిల్లల్ని అలా కూర్చోబెట్టి హైవే ఎక్కడం సాహసమే.

మూడో వరుసలో కూర్చునేవారికీ డిక్కీ తలుపుకూ మధ్య దూరం బెత్తెడే. కాబట్టి అక్కడ తల వెనక ఆసరా, మూడు బిందువుల సీటు బెల్టు ఉన్నాయా, ఆ బెల్టు లాగితే పూర్తిగా వస్తోందా అన్నవి రంగు, మ్యూజిక్ సిస్టమ్ కన్నా ముందు చూడాలి. పాత బళ్లలో ఖరీదు తక్కువ వేరియంట్లకు ఎయిర్‌బ్యాగ్‌లు ఉండేవి కావు. ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి. అందుకే 2019 రెండో సగం తర్వాత తయారైన బండికి పాతిక, ముప్పై వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల రక్షణకు మహీంద్రా మరాజో 2018లో, ట్రైబర్ 2021లో నాలుగేసి స్టార్లు తెచ్చుకున్నాయి. ఎర్టిగా 2019లో మూడు స్టార్లతో సరిపెట్టుకుంది. 2024లో నిబంధనలు కఠినం చేసి మళ్లీ పరీక్షిస్తే ఒక్క స్టారే వచ్చింది. అమ్ముడయ్యే జోరుకూ రక్షణకూ సంబంధం లేదనడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

బండి పరిస్థితి తేల్చుకోవడంలో కిలోమీటర్ల మీటరును నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. డిజిటల్ మీటరు తిప్పడం ఇప్పుడు గంట పని. ఎనిమిదేళ్ల బండి నలభై వేలే తిరిగిందంటే బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ మెరుపు, డ్రైవర్ సీటు అంచు ఏం చెబుతున్నాయో చూడాలి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. ‘2319’ అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కిటికీ అద్దాల మీద కూడా తయారీ ఏడాది సంకేతాలుంటాయి. అన్ని అద్దాలకూ ఒకే ఏడాది ఉండి ఒక్కదానికి మాత్రం వేరే ఉంటే అటువైపు టింకరింగ్ జరిగిందేమో అడగాలి.

నీళ్లలో మునిగిన బండిని కనిపెట్టడం దీనికన్నా కష్టం. ముంబై 2005, చెన్నై 2015, కేరళ 2018, హైదరాబాద్ 2020, విజయవాడ బుడమేరు 2024 - ప్రతి వరద తర్వాతా బీమా కంపెనీలు వదులుకున్న కార్లు వేలంలో చౌకగా వెళ్లి, కడిగి తుడిచి మరో ఊళ్లో ప్రత్యక్షమవుతాయి. సీట్ల కింది పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఎండిన సన్నటి బురద, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర్లో కనిపించే మరక, ఎంత సెంటు కొట్టినా పోని చెమ్మ వాసన ఆ బండి చరిత్ర చెప్పేస్తాయి. ఇంజన్ బాగున్నా ఎలక్ట్రికల్ వ్యవస్థ ఏడాది తర్వాత ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తుంది. నమ్మకమైన మెకానిక్‌కు వెయ్యి, రెండు వేలు ఇచ్చి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించడానికి వెనకాడేవారు తర్వాత అదే మెకానిక్‌కు యాభై వేలు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

పొరుగుదేశాల వారితో పోలిస్తే మన కొనుగోలుదారుది అదృష్టమే. శ్రీలంక 2020లో వాహన దిగుమతులు నిలిపేశాక అక్కడ పాత కార్ల ధరలు ఆకాశాన్నంటాయి. సొంత కార్ల దిగుమతికి మళ్లీ తలుపులు తెరిచింది 2025 ఫిబ్రవరిలోనే. ఇక్కడ గాలి ఎదురుదిశలో వీస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఎర్టిగా తరహా పెద్ద కార్లపై సెస్సుతో కలిపి 45 శాతం ఉన్న భారం 40 శాతమైంది. కొత్తవాటి ధర తగ్గినప్పుడు పాతవాటి ధరా తగ్గాలి. అమ్మేవారు పాత ధరే చెబుతుంటే బేరానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. చేతిలో ఐదు లక్షలుంటే బండికి నాలుగుంపావు మించకుండా చూసుకోవాలి. బీమా, బదిలీ ఖర్చులు, బ్యాటరీ, ఇరవై వేలకు పైమాటే అయ్యే నాలుగు టైర్లు మిగతాది మింగేస్తాయి. పాత కారు అప్పుకు వడ్డీ కొత్తదానికన్నా ఎక్కువ, గడువు తక్కువ.

కాగితాల దగ్గరకొచ్చేసరికి అందరికీ తొందరే. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే అప్పు తనఖా, బీమా గడువు వంటివి నిమిషంలో తెలుస్తాయి. తనఖా ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 కావాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, తాళాలిచ్చి, ‘తర్వాత మార్పించుకుంటాం’ అనే మాటతో ముగిసే బేరాలు కోకొల్లలు. ఇది కొనేవారికే కాదు, తమ పాత చిన్న కారు అమ్మేసి పెద్దది కొంటున్నవారికీ ప్రమాదమే. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2007లో అమ్మేసిన కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో పేరు మారలేదు కాబట్టి పరిహారం బాధ్యత మొదటి యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆర్టీవో వద్ద అధీకృత గుర్తింపు పొందిన డీలరుకు బండి అప్పగించి ఆ సమాచారం ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే ఆ రోజు నుంచి డీలరే యజమాని కింద లెక్క. వీధి చివరి కన్సల్టెన్సీకి ఆ గుర్తింపు ఉందో లేదో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇక నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. యాభై శాతం దాకా ఉండే ఆ రాయితీని చిన్న కారు అమ్మినప్పుడు సర్టిఫికెట్‌గా రాయించుకుంటే, కొన్న పాత పెద్ద కారు బీమాలో మొదటి ఏడాదే తగ్గించుకోవచ్చు.