వాత

శస్త్రచికిత్స గదిలో మేము ‘కాటరీ’ అని పిలిచే సాధనమొకటి ఉన్నది. కోసిన చోట రక్తం చిమ్మే సన్నని నాళాన్ని అది విద్యుత్తు పుట్టించే వేడితో క్షణంలో మూసివేస్తుంది. ఆ మాటకు మూలం, కాల్చుట అనే అర్థం గల గ్రీకు ధాతువు. సుశ్రుతుడు అగ్నికర్మ అన్నాడు. మన ఇళ్లలో దాని పేరు వాత.

ఆంగ్లంలో ఒకరి మనసు ‘కాటరైజ్’ అయినదంటే బాధ తెలియనంతగా మొద్దుబారినదని భావం. తెలుగులో వాత అంటే శిక్ష. ఓటర్లు నాయకులకు కర్రు కాల్చి వాత పెడతారు. విద్యుత్ చార్జీలు పెరిగితే పత్రికల వారు ‘వాత’ అని శీర్షిక పెడతారు. పులిని చూసి నక్క వాత పెట్టుకొన్న సామెత సరేసరి. వీటిలో ఎక్కడైనా వాత వలన మేలు జరిగినట్లున్నదా? భాష గ్రహించిన ఈ సంగతిని మనమింకా గ్రహించలేదు.

నా ఉద్యోగకాలంలో కామెర్లు వచ్చిన పసికందులను పొట్టపై వాతలతో తెచ్చినవారున్నారు. ఒక అవ్వను గట్టిగా కోప్పడ్డాను. “ఊరుకుంటే బిడ్డ దక్కడని పెట్టాను బాబూ” అన్నది. ఆమెది క్రౌర్యం కాదు, భయం. ఆ భయానికి బలమిచ్చేది ఒక భ్రమ. నెలలు నిండి పుట్టిన చాలామంది శిశువులలో రెండు మూడు రోజులకు కనిపించే పసుపు రంగు రెండు వారాల లోపు దానంతటదే తగ్గుతుంది. ఆ ఘనత వాతకు దక్కుతుంది. తగ్గని బిడ్డ విషయంలో మాత్రం విధిని నిందిస్తారు.

1537లో టురిన్ యుద్ధరంగంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే తుపాకి గాయాలలో నాటి ఆచారం ప్రకారం మరుగుతున్న నూనె పోసేవాడు. ఒకనాడు నూనె అయిపోయింది. మిగిలినవారికి గుడ్డుసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి పూసి, వారు చనిపోతారేమోనని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారేసరికి వారు నెమ్మదిగా ఉన్నారు. నూనె పోయించుకొన్నవారే జ్వరంతో, నొప్పితో అల్లాడుతున్నారు. అంతటితో ఆయన ఆ పద్ధతి మానుకొన్నాడు. ఆచారాన్ని పరీక్షించే అవకాశం ఆయనకు నూనె కొరత వలన దొరికింది.

మీ ఇంట పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలలోనే పసుపు కనిపించినా, అరచేతులకు, అరికాళ్లకు పాకినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా గంట కూడా ఆలస్యం చేయవద్దు. ఆసుపత్రిలో నీలికాంతి కింద పడుకోబెట్టి చికిత్స చేస్తారు. ఆ కామెర్లు మెదడుకు చేరితే కలిగే నష్టాన్ని తరువాత ఏ వైద్యుడూ సరిచేయలేడు. వాత వేసే ఇంటికి, ఆసుపత్రికి నడుమ మీరు పోగొట్టుకొనేది ఆ సమయమే.