శనివారం లెక్క, ఆదివారం లెక్క

పోయిన నెల పత్రిక అందిన రెండు రోజులకు విడి ఘర్‌కుల్ నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. ఈ పేజీ తప్పకుండా చదువుతుందట. కొంచెం కోపంగానే మాట్లాడింది.

"అన్నా, నువ్వు ప్రతి నెలా దేవుని వెంట నడవాలె, నడవాలె అని రాస్తవ్. నాకు పొద్దున లేస్తే నీళ్లు పట్టుకునుడు, పిల్లల బడి, ఆ తర్వాత బీడీల చాట ముందల కూసునుడు. రాత్రి నడుము వాల్చేదాక ఊపిరి సలపదు. గంటసేపు మోకాళ్ల మీద ఉండే తీరిక నాకెక్కడిది? నా అసుంటిదాన్ని దేవుడు లెక్కలోకి తీసుకుంటడా?"

"తప్పకుండా తీసుకుంటడమ్మా" అన్నాను. ఇంకో రెండు మంచి మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ 'లెక్క' అనే మాట రాత్రి నన్ను పండుకోనియ్యలేదు. నేను ఆమెకు చెప్పింది సగం జవాబే. మిగతా సగం చెప్పాలంటే నా సంగతి ఒకటి బయట పెట్టాలి. మా సంఘంలో చాలామందికి అది తెలుసు. ఈ పత్రికలో నేను ఎన్నడూ రాయలేదు. ఈ నెల రాస్తున్నాను.

నేను మొదట మిల్లులో పని చేసినవాణ్ణి. కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్ దిక్కుల నుంచి పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మిల్లు మూతపడ్డాక టవళ్ల కార్ఖానాలో చేరాను. నా రాత బాగుంటుందని, తెలుగు, మరాఠీ రెండూ వచ్చునని, అక్కడి సేఠ్ నన్ను సాంచెల మీద నుంచి తీసి లెక్కల దగ్గర కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి నేను అందరికీ దివాన్‌జీని.

పన్నెండు మంది నేతగాళ్లు. ఒక్కొక్కరి చేతి కింద రెండేసి సాంచెలు. నేసిన టవళ్లు నా ముందుకు వస్తాయి. పోగు తెగి గీత పడ్డవి, నూనె మరక అంటినవి, అంచు పోయినవి పక్కకు తీస్తాను. మంచివి లెక్కబెట్టి వహీలో రాస్తాను. ఆ అంకె మీదే శనివారం కూలి.

చేరిన మూడో వారంలో సేఠ్ నన్ను పిలిచాడు. "ప్రతి కార్ఖానాలో డ్యామేజ్ ఉంటది. మన దగ్గర మాత్రం లేకుండ ఎట్లుంటది? మనిషికి వారానికి మూడన్న చూపించు" అన్నాడు. అబద్ధం రాయమని ఆయన అనలేదు. నాకు అర్థమైంది. ఆ వారం నుంచి మరక ఉన్నా లేకున్నా మనిషికి మూడు టవళ్లు డ్యామేజ్ అని రాశాను. ఆ మూడూ మంచివే. మంచివాటితో కలిసి అదే కట్టలో బజారుకు పోయేవి. నేసినవాడికి మాత్రం వాటి కూలి లేదు.

అప్పుడు టవల్‌కు రెండున్నర రూపాయల కూలి. మూడింటికి ఏడున్నర. ఏడున్నర రూపాయలతో ఎవరి ఇల్లు మునుగుతుంది అనుకునేవాణ్ణి. దీపావళికి అందరికీ బోనస్ పంచాక సేఠ్ నన్ను లోపలికి పిలిచి విడిగా ఒక కవరు ఇచ్చేవాడు. అందులో రెండు వేలు. "నమ్మకస్తునివి" అనేవాడు. ఆ మాటకు నేను సంతోషపడేవాణ్ణి కూడా. ఇట్లా ఆరేళ్లు గడిచాయి.

ఆ ఆరేళ్లూ నేను మా సంఘానికి కోశాధికారిని. ఆదివారం ఆరాధన అయిపోయాక ఇద్దరు పెద్దలతో కలిసి కానుకల సంచి విప్పేవాణ్ణి. చిల్లర వేరు, నోట్లు వేరు. రూపాయి తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క. ఒకసారి రెండు రూపాయలు తక్కువ వస్తే చాప ఎత్తి, బల్ల జరిపి గంటసేపు వెతికాం. దేవుని సొమ్ము కదా, అటూ ఇటూ కాకూడదు.

2009లో ఒక ఆదివారం దశమ భాగం కవర్లు విప్పుతున్నాం. మా కార్ఖానాలో నేసే తమ్ముడొకడు మా సంఘంవాడే. అతనికో అలవాటు. కవరు మీద పెన్సిలుతో వారం కూలి రాసి, కింద పదో వంతు రాసేవాడు. ఆ రోజు కవరు మీద కూలి 1150, కానుక 115 అని ఉంది.

అట్లాంటి కవర్లు అంతకుముందు ఎన్నో విప్పాను. ఆ రోజు మాత్రం నా కళ్లు ఆ అంకె మీద ఆగిపోయాయి. 1150 నిన్న సాయంత్రం నా చేత్తో రాసిన అంకె. నిజం రాసి ఉంటే అది 1157 రూపాయల 50 పైసలు. అతను నా మాట నమ్మి, నేను కోసిన కూలిలో పదో వంతు లెక్కగట్టి దేవుని ముందు పెట్టాడు. అతని లెక్కలో తప్పు లేదు. నా రాతలో ఉంది.

"ఎంత?" అన్నారు పెద్దాయన.

"నూట పదిహేను" అన్నాను. ఆయన పుస్తకంలో టిక్కు పెట్టుకున్నారు.

ఆ రోజు ఇంట్లో అన్నం సయించలేదు. బైబిలు తీసి ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం చదివాను. సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవద్దని అక్కడ దేవుడు చెబుతాడు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి వాడే మనిషి ఆయనకు అసహ్యం. ఆ భాగం మీద యౌవనస్తుల కూటంలో నేనే మాట్లాడి ఉన్నాను. నా సంచిలో రెండు రాళ్లున్నాయని అప్పుడు తెలియలేదు. ఒకటి ఆదివారానిది, ఇంకొకటి శనివారానిది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో, కూలివాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలే మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవిన పడిందని ఉంటుంది. ఆ మాట పెద్ద భూస్వాముల కోసం అనుకుని దాటిపోయేవాణ్ణి.

రాత్రి నా భార్యకు చెప్పాను. చెప్పి, నన్ను నేనే కాపాడుకోబోయాను. "డబ్బు సేఠ్ పెట్టెలకు పోయింది గని నా జేబులకు రాలేదు కద" అన్నాను.

ఆమె బీడీలు చుట్టుడు ఆపలేదు. "మరి దీపావళి కవర్లు ఎవరి జేబులకు వచ్చినయ్?" అంది.

మర్నాడు పాస్టరుగారి దగ్గరికి పోయాను. దేవుడు క్షమించాడు, ప్రార్థన చేసుకుని పో అంటారని నా ఆశ. ఆయన ప్రార్థన చేశారు. తర్వాత లేవీయకాండము 6వ అధ్యాయం తీసి నా చేతికి ఇచ్చారు. పొరుగువాడిని మోసం చేసి తీసుకున్నవాడు ముందు అసలు తిరిగి ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలి, ఆ తర్వాతే బలి తీసుకుని రావాలి. వరస అది. మత్తయి 5లో ప్రభువు చెప్పిందీ అదే వరస. బలిపీఠం దగ్గరికి వచ్చాక సహోదరుడికి నీ మీద ఏమైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి పో అన్నాడు. నేను ఆరేళ్లు ఆ వరస తిరగేసి నడిచాను. సంఘం పెట్టె తాళం చెవి ఆ రోజే పాస్టరుగారి చేతిలో పెట్టాను. వద్దులే ఉంచుకో అని ఆయన అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

ఇంట్లో లెక్క వేశాం. ఆరు కవర్లు, పన్నెండు వేలు. ఐదో వంతు రెండు వేల నాలుగు వందలు. మొత్తం 14,400. పన్నెండు మందికి పంచితే మనిషికి 1,200. నేతగాళ్లు పోగొట్టుకున్నది అంతకంటే ఎక్కువని నాకు తెలుసు. ఏడాదికి యాభై వారాలు వేసుకున్నా ఆరేళ్లలో మనిషికి 2,250. అదంతా కట్టే శక్తి నాకు లేదు. నా జేబులోకి వచ్చినంతైనా తిరిగి ఇవ్వాలనుకున్నాం. నెలకు మనిషికి వంద చొప్పున ఏడాది. మా ఆవిడ తన చీటీ డబ్బులోంచి మొదటి నెలకు 1,200 తీసి ఇచ్చింది.

ముందు సేఠ్‌కు చెప్పాను, ఇక నేను లేని డ్యామేజ్ రాయలేనని. ఆయన అరవలేదు. "నీ ఇష్టం" అన్నాడు. సోమవారం వచ్చేసరికి నా కుర్చీలో ఇంకో మనిషి ఉన్నాడు. నన్ను టవళ్లు మడతపెట్టి కట్టలు కట్టే పనిలో వేశారు. పగార్ తగ్గింది. అప్పటికి నాకు యాభై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు ఇంకా చదువుల్లో ఉన్నారు. ఆ ఏడాది మా ఇంట్లో దేవుని మీద కంటే అప్పుల మీదే ఎక్కువ మాట్లాడుకున్నామని దాచకుండా చెబుతున్నాను.

తర్వాత పన్నెండు మంది దగ్గరికీ పోయాను. అందరూ నన్ను కౌగిలించుకున్నారని రాస్తే బాగుంటుంది గాని, అట్లా జరగలేదు. ఒకాయన మొహం మీదే తిట్టాడు. ఒకాయన వంద నోటు జేబులో పెట్టుకుని "ఇంకా పదకొండు" అన్నాడు, ప్రతి నెలా తప్పకుండా గుర్తు చేశాడు. ఒకరు అప్పటికే చనిపోయారు. ఆయన భార్యకు ఇచ్చాను. ఇద్దరు సిరిసిల్ల వెళ్లిపోయారు. ఒకరి జాడ దొరికింది, ఇంకొకరిది ఇప్పటికీ దొరకలేదు. ఆ 1,200 కవరులో పెట్టి బీరువాలో ఉంచాను. పెన్సిలుతో అంకె రాసే తమ్ముడు అంతా విని, "అన్నా, గిది నాకు కాదు, అందరి ముందల చెప్పు" అన్నాడు. చెప్పాను. మిల్లులో యూనియన్‌లో తిరిగిన ఒక పెద్దమనిషి అప్పుడు అక్కడే ఉన్నాడు. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టంలో ఏముందో ఆయన విడమరిచి చెప్పాడు. పనివాడి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితేనే కోత పెట్టాలి. నష్టం కంటే ఎక్కువ కోయకూడదు. కోసే ముందు అతన్ని పిలిచి నీ జవాబేమిటని అడగాలి. అప్పటి నుంచి నేతగాళ్లు డ్యామేజ్ అన్న ప్రతి టవల్‌నూ తమ ముందు విప్పి చూపించమన్నారు. కోత పూర్తిగా ఆగలేదు గాని, చూపించకుండా రాయడం తగ్గింది. ఆరేళ్లు నేను నోరు మూసుకోకుండా ఉంటే అది ఆరేళ్ల ముందే తగ్గేది.

చెల్లీ, నీకు చెప్పాల్సిన మిగతా సగం జవాబు ఇదే. గంటసేపు మోకాళ్ల మీద ఉండే తీరిక నాకు ఆ ఆరేళ్లూ దొరికింది. పొద్దున ప్రార్థన, రాత్రి వాక్యం, శుక్రవారం ఉపవాసం, ఏదీ తప్పలేదు. అయినా నేను దేవుని వెంట నడవలేదు. నా కాళ్లు గుడి దాకా పోయేవి. నా చెయ్యి మాత్రం సేఠ్ వెంట నడిచేది. ప్రార్థన వద్దని నేను అనడం లేదు. ఆ ఆదివారం నన్ను కుర్చీలోంచి లేపింది కూడా దేవుని సన్నిధే. కానీ నీకు తీరిక లేదని దేవుడు నిన్ను దూరం పెట్టడు. తీరిక ఉందని నన్ను దగ్గరికీ తీసుకోలేదు.

జక్కయ్య కథ లూకా 19లో ఉంది కదా. యేసు అతని ఇంటికి వచ్చాడు. జక్కయ్య అప్పుడు పాట పాడాడని లేదు, కన్నీళ్లు పెట్టుకున్నాడని లేదు. నిలబడి లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. ఈ ఇంటికి ఇవాళ రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ లెక్క విన్నాకే.

ఈ పత్రిక చదివేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. అయినా ఈ మాట అందరిదీ. మన దగ్గర చీటీ నడిపే అక్కలున్నారు, కిరాణా కొట్టులో కాటా పట్టే అన్నలున్నారు. నూనె మరక టవల్‌ను కట్ట మధ్యలో దూర్చే నేతగాళ్లున్నారు. బీడీల కట్టలు తీసుకుంటూ మంచివి కూడా పక్కకు తోసే చెకర్లున్నారు. చెల్లీ, పొద్దంతా వంగి కూర్చుని నిజాయితీగా చుట్టి, నిజాయితీగా లెక్కబెట్టి ఇచ్చిన నీ వెయ్యి బీడీలను దేవుడు చూశాడు. మీ గల్లీలో చదువు రాని ముసలమ్మ కార్డు మీద అంకె తక్కువ పడ్డప్పుడు, ఆమె పక్కన నిలబడి "మళ్లా లెక్కపెట్టున్రి" అని నువ్వు అన్నా అది ఆయన వెంట నడవడమే. దానికి గంట అక్కర్లేదు. కొంచెం ధైర్యం కావాలి.

ఈ నెల అందరం ఒక పని చేద్దాం. మన చేతి కింద ఉన్న ఒక్క లెక్క తీద్దాం. చీటీ పుస్తకమో, ఉద్దెర ఖాతానో, పనిమనిషి జీతమో. ఎదుటివాడిని పక్కన కూర్చోబెట్టుకుని, అతనికి చదివి వినిపిద్దాం. తప్పుంటే అసలు ఇద్దాం, ఐదో వంతు కలుపుదాం.

సంఘంలో కానుకల లెక్క ఇప్పుడు వేరేవాళ్లు చూస్తారు. నన్ను మళ్లీ అడిగారు, నేను ఒప్పుకోలేదు. ఆదివారం సంచి నా వరసలోకి వచ్చినప్పుడు నా కానుక వేసి పక్కవాళ్లకు అందిస్తాను. పక్కన కూర్చునేది చాలాసార్లు ఆ తమ్ముడే. కవరు మీద ఇప్పటికీ పెన్సిలుతో రాస్తాడు. నేను అటు చూడను.

దేవుడు మన చేతుల పనిని స్థిరపరచును గాక. వచ్చే నెల కలుద్దాం.