లైసెన్సు లారీకేనా, బ్రోకరుకు అక్కర్లేదా?

లారీ ఓనర్ల కష్టాల గురించి ఎవరు మాట్లాడినా చివరికి తేల్చేది ఒకటే: వీళ్లకు బేరం చెయ్యడం రాదు. నాలుగు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు ఫోన్ చేసి రేటు కనుక్కోవాలట. కిలోమీటరుకు ఖర్చెంతో లెక్క రాసుకోవాలట. గిట్టని లోడు వదిలెయ్యాలట. ఇవేవీ చేతకాకపోతే ఫోన్‌లో యాప్ పెట్టుకోవాలట. ఒకే ఒక్క లారీ మీద బతికే మనిషి, సిమెంటు ఫ్యాక్టరీ గేటు బయట రెండు రోజులు బండి ఆపుకుని కూర్చుంటే మూడో రోజు ఎంతకు ఒప్పుకుంటాడో ఈ సలహాదారులు ఎప్పుడైనా ఆలోచించారా? అతని కిస్తీ తేదీ బ్రోకరుకు తెలుసు. ఆ లోడుకు ఫ్యాక్టరీ బ్రోకరుకు ఎంత ఇస్తోందో మాత్రం అతనికి తెలీదు. ఇక బేరం ఎక్కడిది?

పల్నాడు జిల్లా వెల్దుర్తిలో ఒక్క బండి ఉన్న ఓనరునే తీసుకోండి. మిర్చి సీజన్లో ఊళ్లోనే లోడు దొరుకుతుంది. రైతు తెలిసినవాడు, గుంటూరు యార్డు దూరం తెలిసిందే, టిక్కీకి (బస్తాకు) ఇంత అని ముఖాముఖి మాట్లాడుకుంటారు. సీజన్ అయిపోయాక మాచర్లకో, దాచేపల్లికో, పిడుగురాళ్లకో ఫోన్ కొట్టాలి. సిమెంటో సున్నమో ఏదుంటే అది. అక్కడి నుంచి వినపడేది ఎప్పుడూ ఒకే పాట: ‘మార్కెట్ డల్లుగా ఉందన్నా, ఈ రేటుకు పెడితే పెట్టు, వెనకాల ఇంకా బళ్లున్నాయి.’ నిజంగానే డల్లుగా ఉందేమో. కాదేమో. తెలుసుకునే దారి లేదు. చేతికిచ్చే లారీ రసీదు, అదే ఎల్‌ఆర్‌లో కిరాయి గడి దగ్గర ‘టు బి బిల్డ్’ అని ఉంటుంది. అంటే బిల్లు తర్వాత వేస్తాం, నీకు సంబంధం లేదు అని. టన్నుకు 50 రూపాయలు మధ్యలో ఆగిపోతే 30 టన్నుల లోడు మీద 1,500. ఖర్చులు పోగా ఆ ట్రిప్పులో మిగిలేది ఒక్కోసారి అదే.

ఇప్పుడు అదే లారీ గుంటూరు యార్డులో దించిన మిర్చి సంగతి చూడండి. అక్కడ కమీషన్ ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. 1966 నాటి మార్కెట్ల చట్టం ఆ ఏర్పాటు చేసింది. ఏ రకం ఏ ధర పలికిందో మర్నాడు పేపర్లో వస్తుంది. రైతుకు అక్కడ అన్యాయం జరగదని కాదు. జరిగితే ఎవరి లైసెన్సు మీద ఫిర్యాదు చెయ్యాలో తెలుసు. ఆ పంటను మోసిన బండికి లోడు కుదిర్చిన మనిషికి లైసెన్సు ఉందా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అడగడానికి చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం, 1988. 93వ సెక్షన్. లారీల్లో వెళ్లే సరుకును సేకరించే, పంపే, పంచే వ్యాపారం చేసే ఏజెంటుకు లైసెన్సు తప్పనిసరి. డిపాజిట్ కట్టించుకోవచ్చు, తప్పు చేస్తే లైసెన్సు రద్దు చెయ్యవచ్చు, ప్రకటన ఇస్తే అందులో లైసెన్సు నంబరు వెయ్యాలి. ‘మేం సరుకు ముట్టుకోం, ఫోన్ మీద కుదిర్చి పెడతాం, అంతే’ అని తప్పించుకోవడానికీ వీల్లేదు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ఎవరెవరు రిజిస్టరు చేసుకోవాలో చెబుతూ నిర్వచనంలోనే బ్రోకరు అనే మాట రాసింది. అయినా కిరాయిల మీద జరిగే ఏ చర్చలోనూ 93వ సెక్షన్ వినపడదు. డీజిలు, టోలు, గ్రీన్ ట్యాక్సు, చివరికి లారీవాడి తెలివితక్కువతనం, అన్నీ వినిపిస్తాయి.

శిక్షలు చూస్తే అసలు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కాటా మీద ఒక్క టన్ను ఎక్కువ తేలితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, దానికి తోడు ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. 93వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా ఏజెంటుగా వ్యాపారం చేస్తే మొదటిసారి 1,000. ఓవర్‌లోడు ఎక్కించుకోకపోతే కిరాయి గిట్టని రేటు పెట్టినవాడికి వెయ్యి, ఆ రేటుకు తలొగ్గినవాడికి ఇరవై వేలు.

యాప్‌లు వచ్చి అంతా పారదర్శకం చేస్తాయన్నారు. అదే 2019 సవరణ అగ్రిగేటర్లను 93వ సెక్షన్లోకి తెచ్చి, లైసెన్సు లేకపోతే లక్ష రూపాయల దాకా జరిమానా అంది. బాగుంది. కానీ అగ్రిగేటరు అంటే ప్రయాణికుణ్ని డ్రైవరుతో కలిపే సంస్థ అని నిర్వచనం రాశారు. సరుకు ఊసే లేదు. క్యాబ్ యాప్ లెక్కలోకి వచ్చింది, లోడు యాప్ రాలేదు. ఈ-వే బిల్లు ఇంకో విచిత్రం. సరుకు ఏది, విలువెంత, ఏ బండి, ఎక్కడి నుంచి ఎక్కడికి, అన్నీ ప్రభుత్వం కంప్యూటర్లో ఉంటాయి. కిరాయికి మాత్రం గడి లేదు.

బ్రోకర్లు పనికిరానివాళ్లని ఎవరూ అనరు. ఫ్యాక్టరీలు నెలల తరబడి బిల్లులు ఆపుతాయి, బ్రోకరు డీజిలుకు అడ్వాన్సు వెంటనే ఇస్తాడు. తెలియని ఊళ్లో రిటర్న్ లోడు చూసిపెడతాడు. దానికి కమీషన్ తీసుకోవడం న్యాయమే. ఎంత తీసుకుంటున్నాడో చెప్పమంటే వచ్చిన నష్టమేమిటి?

ప్రభుత్వం జోక్యం చేసుకుంటే పరిశ్రమ పారిపోతుందనే వాళ్లు హిమాచల్ వైపు చూడాలి. 2022 డిసెంబరులో దర్లాఘాట్, బర్మాణా సిమెంటు ఫ్యాక్టరీలు కిరాయి పేచీతో మూతపడి రెండు నెలలకు పైగా తెరుచుకోలేదు. 2023 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి సుక్ఖూ రెండు పక్షాలనూ కూర్చోబెట్టి తేల్చారు: సింగిల్ యాక్సిల్ లారీకి టన్నుకు, కిలోమీటరుకు 10 రూపాయల 30 పైసలు, మల్టీ యాక్సిల్‌కు 9 రూపాయల 30 పైసలు. పాత రేటు కంటే తక్కువకే లారీవాళ్లు ఒప్పుకున్నారు. కొండదారుల రేటు మనకు అతకదు, అక్కడి యూనియన్ల పెత్తనమూ మనకొద్దు. అయితే అక్కడ కిరాయి ఎంతో ఇప్పుడు అందరికీ తెలుసు, ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి.

స్వేచ్ఛా మార్కెట్ అని ఊగిపోయే వాళ్లకు అమెరికా సంగతి. అక్కడ బ్రోకరు 2013 నుంచి 75,000 డాలర్ల బాండు కట్టాలి. లోడుకు తనకెంత వచ్చిందో, లారీకెంత ఇచ్చాడో రాసిపెట్టి, అడిగితే చూపించాలి. ఆ హక్కు మాకొద్దని బ్రోకర్లు కాంట్రాక్టులోనే సంతకం పెట్టించుకుంటున్నారని 2020 మేలో లారీవాళ్లు వైట్‌హౌస్ దగ్గర బళ్లు నిలిపి గొడవ చేశారు. వదులుకోవడానికైనా వాళ్లకో హక్కుంది. మన 93వ సెక్షన్ సరుకు ఏజెంటు దగ్గర తీసుకొమ్మన్న డిపాజిట్ గరిష్ఠంగా 50,000 రూపాయలు. 1988లో రాసిన అంకె అది. దాన్ని మార్చాలని కూడా ఎవరికీ తోచలేదు.

కాబట్టి రవాణా శాఖ అవగాహన సదస్సులు ఆపేసి ఒక పని చెయ్యాలి. పల్నాడు జిల్లాలో 93వ సెక్షన్ కింద లైసెన్సున్న సరుకు ఏజెంట్లు ఎవరెవరో పేర్లు, నంబర్లు రాసి నరసరావుపేట ఆఫీసు గోడకు అంటించాలి. ఒక పేజీ చాలకపోతే రెండు పేజీలు. రాయడానికి పేర్లే లేకపోతే ఆ ఖాళీ కాగితమే అంటించండి. మాచర్ల రోడ్డు మీద లారీ ఆపి, ఫిట్‌నెస్, పర్మిటు, పొల్యూషన్, ఇన్సూరెన్సు అని వరసగా అడిగే అధికారి, ఆ పక్కనే ఉన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మెట్లెక్కి ఒక్క కాగితం ఎందుకు అడగడో అప్పుడు సమాధానం చెప్పుకోవాలి. ‘టు బి బిల్డ్’ అని రాసిన ప్రతి ఎల్‌ఆర్ మీదా బ్రోకరు లైసెన్సు నంబరు, ఫ్యాక్టరీ ఇచ్చిన కిరాయి ఉండాలని ఉత్తర్వు తీసుకురావాలి. ఇవి చేశాక కూడా వెల్దుర్తి ఓనరు గిట్టని రేటుకు లోడెత్తితే, అప్పుడు వచ్చి అతనికి బేరం నేర్పండి.