తెల్లవారుజామున మూడింటికి ఇల్లు ఎంత వెచ్చగా ఉంది?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు చలికాలంలో మొదట పరిచయమయ్యేది గోడ మీది చిన్న డబ్బా. అదే థర్మోస్టాట్. ‘దాన్ని ముట్టుకోకండి, మేం సెట్ చేసి పెట్టాం’ అని మొదటి రోజే చెబుతారు. ఇక అక్కడున్నన్నాళ్లూ పెద్దవాళ్లు కాళ్లు జివ్వుమంటున్నా నోరు విప్పరు. ‘చలిగా ఉందా అమ్మా?’ అంటే ‘మాకేం ఫర్వాలేదులే’ అంటారు. పిల్లల బిల్లు పెరుగుతుందని భయం. నా ఉద్దేశంలో ఆ ఇంట్లో అత్యంత ప్రమాదకరమైన మాట అదే.

ఊరికి దూరంగా, మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా లాంటి చోట్ల ఎకరమో రెండెకరాలో స్థలంతో ఇల్లు కొనుక్కున్నవాళ్ల దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. అలాంటి కొన్ని ఇళ్లలో బేస్‌మెంట్‌లో కట్టెలతో మండే ఫర్నేస్ ఉంటుంది. ఇనుప గూటిలో దుంగలు మండుతాయి, చుట్టూ తిరిగే గాలి వేడెక్కుతుంది, ఫ్యాన్ ఆ గాలిని గొట్టాల ద్వారా గదులకు తోస్తుంది. పొగ విడిగా చిమ్నీ నుంచి పోతుంది. కట్టెలు సొంత స్థలంలోవే అయితే ఖర్చు బాగా కలిసివస్తుంది. మంచిదే. కానీ గ్యాస్ ఫర్నేస్‌కు పెట్టినట్టే దీనికీ థర్మోస్టాట్ పెట్టేసి నిద్రపోతే కుదరదు.

ఎందుకంటే గ్యాస్ మంటను ఆపగలం, వెలిగించగలం. కట్టెను అలా ఆపలేం. గది తగినంత వేడెక్కగానే థర్మోస్టాట్ మంటకు గాలి అందే డాంపర్‌ను మూసేస్తుంది, లేదా గాలి ఊదే చిన్న ఫ్యాన్‌ను ఆపేస్తుంది. మంట ఆరదు, గాలి చాలక పొగలు కక్కుతూ మగ్గుతుంది. గది చల్లబడితే మళ్లీ గాలి వదులుతుంది. గూట్లో కట్టె ఉంటేనే ఇదంతా. బూడిదే మిగిలితే గోడ మీది అంకె ఎంతున్నా వేడి రాదు. థర్మోస్టాట్ పుట్టుక కూడా ఇలాంటిదే. విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో పాఠాలు చెప్పిన వారెన్ జాన్సన్ 1883లో పేటెంట్ పొందిన విద్యుత్ పరికరం మంటను తానుగా అదుపు చేయలేదు. కింద ఫర్నేస్ చూసుకునే మనిషికి గంట కొట్టి చెప్పేది, అంతే. కట్టెల ఫర్నేస్ ఉన్న ఇంట్లో ఆ మనిషి అవసరం నేటికీ తీరలేదు.

రాత్రి పదింటికి కట్టెలు నింపి పడుకుంటారు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో అవి అయిపోతాయి. బయట మైనస్ పదిహేను. అప్పుడు ఇల్లు ఏ అంకె దాకా చల్లబడుతుంది? చాలా ఇళ్లలో కట్టెల ఫర్నేస్‌కు తోడుగా ప్రొపేన్‌తోనో ఆయిల్‌తోనో నడిచే మరో ఫర్నేస్ ఉంటుంది, దానికి ఇంకో థర్మోస్టాట్. మొదటిదాన్ని 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి, రెండోదాన్ని ఎప్పుడూ మోగకూడదని 55 దగ్గరో 58 దగ్గరో వదిలేస్తారు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టకపోతే చాలని లెక్క. అంటే ఇల్లు నిజంగా 70 డిగ్రీల ఇల్లు కాదు. తెల్లవారేలోగా 58 దాకా, అంటే మన లెక్కలో 14 సెంటీగ్రేడ్ దాకా దిగడానికి అనుమతి ఉన్న ఇల్లు. మొదటి థర్మోస్టాట్ మీది అంకె కోరిక. రెండో దాని మీది అంకే హామీ.

పెద్దవాళ్లో పసిపిల్లలో ఉన్న ఇంట్లో రెండో థర్మోస్టాట్‌ను 68కి తగ్గించకూడదని నా అభిప్రాయం. కట్టెలది 70 లేదా 71 దగ్గర ఉంటే తేడా రెండు మూడు డిగ్రీలే. కట్టె మండుతున్నంతసేపూ ప్రొపేన్ ముట్టుకోదు, కట్టె అయిపోగానే అందుకుంటుంది. నెలకు కొంత ప్రొపేన్ ఖర్చవుతుంది, నిజమే. కానీ చలికి అస్వస్థతతో ఒక్కసారి ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడి బిల్లెంతో ఆ దేశంలో ఉంటున్న ఎవరినైనా అడగండి.

68 అంకె నా సొంతం కాదు. వృద్ధుల ఇంట్లో కనీసం 68 ఉంచమని అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థే చెబుతోంది. 60 నుంచి 65 మధ్య ఉన్న ఇంట్లో కూడా పెద్దవాళ్ల శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోవచ్చని హెచ్చరిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 సెంటీగ్రేడ్ ఉండాలని, బలహీనులకు అంతకన్నా ఎక్కువ అవసరం కావచ్చని అన్నాయి. రాత్రి 55 చాలన్న అలవాటుకు పాత చరిత్ర ఉంది. 1977 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెటర్ వేసుకుని, మంట పక్కన కూర్చుని, పగలు 65, రాత్రి 55 పెట్టుకోమని టీవీలో దేశాన్ని అడిగారు. అది గ్యాస్ కొరత నాటి మాట. డెబ్బై ఏళ్ల మన నాన్నగారి బీపీని దృష్టిలో పెట్టుకుని చెప్పింది కాదు.

వయసు పెరిగాక చలి తెలియడమే తగ్గుతుంది. వణుకూ తగ్గుతుంది. షుగర్, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకు, నిద్రమాత్రలు వాడేవాళ్లకు ఇంకా ఇబ్బంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. శరీర ఉష్ణోగ్రత 95 కంటే దిగితే మాట ముద్దగా రావడం, మగత, తికమక మొదలవుతాయి. ఇండియా నుంచి వచ్చి నాలుగు రోజులే అయితే ఇంట్లోవాళ్లు దాన్ని జెట్‌లాగ్ అనుకుంటారు. పడుకోనిస్తారు కూడా. అనుమానం వస్తే టెంపరేచర్ చూడాలి. 95 కంటే తక్కువుంటే ఆలోచించకుండా 911కి ఫోన్ చేయాలి.

ఇంకో మాట. థర్మోస్టాట్ హాల్లో ఉంటుంది, అమ్మానాన్నల గది గొట్టాల చివర ఎక్కడో ఉంటుంది. హాల్లో 70 ఉన్నప్పుడు అక్కడ 63 ఉండొచ్చు. ఆ గదిలో చవక థర్మామీటర్ ఒకటి గోడకు తగిలిస్తే ‘మాకేం ఫర్వాలేదులే’ అనే మాటను నమ్మాల్సిన పని ఉండదు. అలాగని చలేసినప్పుడు డబ్బా మీద 80 నొక్కితే గది త్వరగా వేడెక్కదు. ఇక్కడ మనం ఏసీని 16కి పెట్టినట్టే ఉంటుంది ఆ తొందర. కట్టెల ఫర్నేస్‌లో అయితే అది చేటు కూడా: గాలి తలుపు బార్లా తెరుచుకుని మంట అవసరానికి మించి ఎగుస్తుంది.

మరి పొదుపు సంగతి? రాత్రిపూట ఏడెనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి పది శాతం వరకు ఆదా అని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. గ్యాస్‌తో నడిచే, ఆరోగ్యవంతులే ఉన్న ఇంట్లో అది బాగానే ఉంటుంది. కట్టెలకు ఆ సూత్రాన్ని అలాగే అంటగట్టకూడదు. అంకె తగ్గించగానే నిండా కట్టెలున్న గూటికి గంటల తరబడి గాలి అందదు. మగ్గే కట్టె వేడి తక్కువ ఇస్తుంది, పొగ ఎక్కువ ఇస్తుంది. ఆ పొగ చిమ్నీలో క్రియోసోట్ అనే తారులాంటి పదార్థంగా పేరుకుంటుంది. చిమ్నీలు అంటుకునేది దానివల్లే. కాబట్టి అంకెను రాత్రీపగలూ దాదాపు ఒకేచోట ఉంచి, ఆదాను కట్టెలో వెతకాలి.

ఈ విషయంలో కొడుకు కన్నా తల్లికే ఎక్కువ తెలుసు. కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకు పచ్చి కట్టె కళ్లు మండించడం తప్ప అన్నం ఉడికించదని ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే ఉండొచ్చు. మంట వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. చీల్చి, పైన కప్పు వేసి, పక్కల గాలి ఆడేలా పేర్చి ఆరు నెలలో ఏడాదో ఆరనివ్వాలి. ఓక్ లాంటి గట్టి కట్టెకు ఇంకా ఎక్కువ పడుతుంది. తేమ 20 శాతం లోపు ఉండాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా. తేమ కొలిచే చిన్న మీటర్లు అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. అక్టోబరులో, ఏప్రిల్‌లో చలి తక్కువున్న రోజుల్లో ఫర్నేస్ నింపేసి మగ్గబెట్టడం కన్నా ఆ రోజులు ప్రొపేన్‌తో గడపడమే మేలు.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ప్రమాదం అటువైపు నుంచి కూడా రావచ్చు. ఇల్లు 70 దగ్గర ఉన్నాక బిడ్డకు టోపీ, సాక్సులు, పైన రెండు దుప్పట్లు కప్పాలనే అమ్మమ్మల పట్టు అక్కడ సరిపడదు. ఏడాదిలోపు బిడ్డ పడుకునే చోట వదులు దుప్పట్లు వద్దని, ఇంట్లో టోపీ వద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. బిడ్డ మెడ వెనక చెమట పట్టిందంటే బట్టలు ఎక్కువైనట్టే.

ఇక అన్నిటికన్నా భయపడాల్సింది వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్‌కు. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లను మన దగ్గర పొట్టనపెట్టుకునేదీ ఇదే. మంటల ప్రమాదాలు కాకుండానే ఈ వాయువుతో అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారు. అలారం ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర ఉండాలి. ఇంట్లో ఉంటే తలనొప్పి, వికారం, బయటికెళ్తే తగ్గిపోతున్నాయంటే ‘వాతావరణం పడలేదు’ అని సరిపెట్టుకోకూడదు. అందరూ బయటికొచ్చి ఫోన్ చేయాలి.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పోపు వాసన పోవాలని వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను గంటల తరబడి పెద్ద స్పీడులో తిప్పుతాం. చలికి కిటికీలన్నీ బిగించిన ఇంట్లోంచి అంత గాలి బయటికి పోతే, లోటు తీరేందుకు చిమ్నీలోంచే గాలి వెనక్కి రావచ్చు, పొగతో సహా. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ వంటగది కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి. ఫర్నేస్ తలుపు తీసేటప్పుడు నైలాన్ చున్నీ, చీర కొంగు బిగించుకుని మెల్లగా తీయండి. ఎత్తిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, గరాజ్‌లో కాదు, ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టండి. నివురు కింద నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది.